ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం – బడికీ ఇంటికీ మధ్య నడిచిన కథ

సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని కమిటీవారు అడిగినప్పుడు మొదట మాకు తోచినవి మామూలు సంగతులే. నవాబులు, ఫౌజుదారులు, పాత పట్నంలో కొండ మీది దర్గా, రేవు. అవన్నీ పెద్దలు లోగడ వ్రాసే వున్నారు. ఇంకా ఏమున్నదా అని ఆలోచిస్తూ వుంటే, సంఘం గదికి ఒకాయన ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని వచ్చి, "భాయ్, ఇందులో ఏం వ్రాశారో కాస్త చూసి చెప్పండి, నేను ఎక్కడ సంతకం పెట్టాలి?" అని అడిగాడు. వాళ్ళబ్బాయి తొమ్మిదో తరగతి. ఆ కార్డు చూస్తూ వుండగానే మాకు విషయం దొరికింది.

మన ఇళ్ళలో చాలా ఏళ్ళపాటు బడి నుంచి వచ్చే ఒకే ఒక ఉత్తరం ఆ అట్ట కార్డే. మూడు నెలల పరీక్షకి ఒకసారి, అర్ధసంవత్సర పరీక్షకి ఒకసారి, అంతే. దానిలో చివర "తండ్రి లేక సంరక్షకుని సంతకము" అని ఒక గడి. మాలో ఒకరు 1970లలో హైస్కూలు చదివినప్పుడు లెక్కల్లో మార్కులు తగ్గాయని ఆ గడిలో నానీ చేత వేలిముద్ర వేయించి తీసుకుపోయారు. నానీకి ఆ కార్డు ఏమిటో తెలియదు, రేషను కార్డు కాబోలు అనుకుంది. మాస్టారు ఆ వేలిముద్ర చూసి, "ఏరా, మీ నాన్న పోర్టులో గుమాస్తా కదా, వేలిముద్ర ఎందుకు వేశాడు?" అని అడిగేసరికి సంగతి బయటపడింది. నవ్వుకోడానికి బాగానే వుంటుంది గాని, ఒక ఏడాది చదువు అంతా ఆ ఒక్క గడిలోనే ఇంటికి చేరవలసి రావడం నవ్వే విషయం కాదు.

ఎప్పుడూ ఇలాగే వుండేదా అంటే కాదు. ఇప్పటికి రెండు వందల ఏళ్ళ క్రిందట మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న అన్ని జిల్లాల కలెక్టర్లకూ ఒక ఉత్తర్వు పంపించాడు. మీ జిల్లాలో నాటు బడులు ఎన్ని వున్నాయి, పిల్లలెందరు, ఏ కులంవారు, ఏ మతంవారు, ఏం చదువుతున్నారు, లెక్క తీసి పంపమన్నాడు. ఆ లెక్కలన్నీ వచ్చిన తరువాత 1826 మార్చి 10న వ్రాసిన మినిట్‌లో రాష్ట్రం మొత్తానికి 12,498 బడులు వున్నాయని తేల్చాడు. జనాభా 1,28,50,941. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. గవర్నమెంటు ఖర్చు దాదాపు లేదు. బడులు చాలా మటుకు ఊరివాళ్ళు, తల్లిదండ్రులు పెట్టుకున్నవే.

ఆ కలెక్టర్ల జవాబుల్లో చదవదగినది బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపినది. ఆయన జిల్లాలో 533 బడులు. అందులో కన్నడానివి 235, తెలుగువి 226, మరాఠీవి 23, సంస్కృతానివి 23, పార్శీవి 21, అరవానివి 4, ఇంగ్లీషుది ఒకటి. బిడ్డకు అయిదేళ్ళు నిండగానే పంతులుగారినీ, బడిలోని పిల్లలందరినీ ఆ ఇంటికి పిలిచి, అక్కడ అక్షరాభ్యాసం చేయించేవారని ఆయన వ్రాశాడు. గమనించండి. బిడ్డ బడికి వెళ్ళటానికి ముందు బడే బిడ్డ ఇంటికి వచ్చేది. మన ఇళ్ళలో నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు చేసే బిస్మిల్లా కూడా అదే పద్ధతి కదా, ఉస్తాదు ఇంటికి వచ్చి పలక పట్టించటం. తెలుగు వీధి బడి పంతులుకు జీతం ఇంటింటి నుంచీ అందేది. దసరాలకు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి, పిల్లలకు పప్పుబెల్లాలు, తనకు మామూలు పుచ్చుకునేవాడు. మార్కుల కార్డు లేదు గాని, ఆ ఒక్క రోజున పంతులు ప్రతి గుమ్మంలోనూ నిలబడి వీడు ఎలా చదువుతున్నాడో చెప్పక తప్పేది కాదు.

దానిని స్వర్ణయుగం అనేందుకు మేము సిద్ధంగా లేము. అదే కాంప్‌బెల్ లెక్క ఇంకో ముక్క చెబుతుంది. ఆ జిల్లాలో మొత్తం 6,641 మంది విద్యార్థులు. అందులో ముస్లింలు 243 మంది. ఆడపిల్లలు అందరూ కలిసి 60 మంది, వారిలో మన పిల్ల ఒక్కతె లేదు. పార్శీ బడులు 21 వున్నా మన పిల్లలు 243. బీద తల్లిదండ్రులు కాస్త పెద్దవగానే పిల్లల్ని పనికి పెట్టుకుంటున్నారని కూడా ఆయన వ్రాశాడు. పంతులు గుమ్మంలోకి వచ్చేది జీతం ఇవ్వగలిగిన గుమ్మంలోకే.

తరువాత 1854లో వుడ్ డెస్పాచి వచ్చింది. దానితో గ్రాంటులు వచ్చాయి, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, రిజిస్టర్లు వచ్చాయి. విశాఖపట్నంలో అంతకు ముందే 1847లో సెయింట్ అలోషియస్ వచ్చింది. 1860లో ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూలు మొదలైంది, అదే 1866లో హైస్కూలు, 1878లో కాలేజీ, మనం ఎ.వి.ఎన్. కాలేజీ అని పిలిచేది. ఈ బడులు చేసిన మేలు ఎవరూ కాదనలేరు. గాని ఒక మార్పు మాత్రం మెల్లగా జరిగిపోయింది. మాస్టారు జవాబు చెప్పుకోవలసింది ఇప్పుడు బిడ్డ తండ్రికి కాదు, ఇన్‌స్పెక్టరుకు. గ్రాంటు ఇచ్చేవాడు ఎవరో లెక్క చూసేవాడు వాడే. తండ్రి ఫీజు కట్టే మనిషి అయి మిగిలాడు. 1910 ప్రాంతంలో మెట్రిక్యులేషను స్థానంలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చినప్పుడు ప్రతి విద్యార్థికీ ఒక పుస్తకం పెట్టారు, మార్కులన్నీ అందులో ఎక్కించేవారు. ఆ పుస్తకం బడిలోనే హెడ్మాస్టరుగారి బీరువాలో వుండేది. ఇంటికి చేరేసరికి చదువు అయిపోయి వుండేది.

మనవాళ్ళ చదువు గురించి గవర్నమెంటు ఆలోచించలేదని కాదు. 1871లో మేయో ప్రభువు కాలంలో భారత ప్రభుత్వం ముస్లింల చదువు మీద ఒక తీర్మానం చేసింది, ఆ మరుసటి ఏడు మద్రాసు ప్రభుత్వమూ దాన్ని అందుకుంది. 1882 నాటి హంటర్ కమిషను తన రిపోర్టులో మన చదువుకు ప్రత్యేకంగా చోటిచ్చింది. హిందుస్తానీలో బోధన, వేరే ఇన్‌స్పెక్టర్లు, స్కాలర్షిప్పులు అన్నీ చెప్పింది. అన్నీ పైనుంచి క్రిందికి చెప్పిన సలహాలు. తల్లికీ మాస్టారుకూ మధ్య మాట ఎలా జరగాలి అన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఆ ప్రశ్న ముందుగా తట్టింది అమెరికాలో తల్లులకు. 1897 ఫిబ్రవరి 17న వాషింగ్టన్‌లో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు స్త్రీలు తల్లుల మహాసభ ఒకటి పిలిచారు. అదే పెరిగి పెరిగి ఆ దేశపు తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సంఘం అయింది. ఇంగ్లండు చాలాకాలం వెనకబడే వుంది. అక్కడి బడుల గేట్ల దగ్గర "తల్లిదండ్రులు ఈ గీత దాటి రాకూడదు" అని బోర్డులు వుండేవట. 1967లో ప్లౌడెన్ కమిటీ రిపోర్టు వచ్చిన తరువాతనే ఆ బోర్డులు పెట్టినవారికి కొంచెం సిగ్గు వేసింది. ఆ గీత సంగతి మళ్ళీ ఇంకొక చోట వస్తుంది, అందుకే చెప్పాము.

ఇక మన ఊరు. గోపాలపట్నం అంటే ఒకప్పుడు సింహాచలం రైలు స్టేషను, చుట్టూ పొలాలు, మామిడి తోటలు. మద్రాసు-కలకత్తా రైలు దారి 1890లలో పడింది. 1933లో రేవు తెరిచారు, 1941లో ఓడల కర్మాగారం మొదలైంది, తరువాత నేవీవారి ఆయుధాల డిపో, దాని పేరనే ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు. 1957లో రిఫైనరీ, తరువాత డీజిలు లోకోషెడ్డు, జింకు ఫ్యాక్టరీ, ఆఖరికి 1966 ఉద్యమంలో ప్రాణాలు పోయి సంపాదించుకున్న ఉక్కు ఫ్యాక్టరీ. 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితం చేశారు. ఈ ఉద్యోగాల కోసం, ఈ ఉద్యోగాల చుట్టూ వున్న చిన్న పనుల కోసం మన కుటుంబాలు శ్రీకాకుళం నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒరిస్సా నుంచి ఇక్కడికి వచ్చి చేరాయి. ఫిట్టర్లు, డ్రైవర్లు, వెల్డర్లు, టైలర్లు, మాంసం కొట్టువాళ్ళు, పాత ఇనుము వ్యాపారం చేసేవాళ్ళు.

ఈ సంగతి ఎందుకంటే, షిఫ్టు డ్యూటీ చేసే తండ్రికీ బడికీ కాలం కలవదు. ఎ షిఫ్టువాడు పొద్దున్నే బస్సెక్కిపోతాడు. సి షిఫ్టువాడు బడి వేళకు నిద్రపోతూ వుంటాడు. బి షిఫ్టువాడు పిల్లల మొహం ఆదివారం చూస్తాడు. లారీ డ్రైవరు సంగతి చెప్పనక్కర లేదు. ఊళ్ళో వున్న పాత కుటుంబాలకైతే మాస్టారు ఎవరి తాలూకో తెలుసు. వలస వచ్చినవాళ్ళకు మాస్టారూ తెలియడు, మాస్టారుకు వీళ్ళూ తెలియరు.

పైగా ఆంధ్రప్రదేశ్‌లో 1959లో పంచాయతీరాజ్ వచ్చి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తు చేతిలోకి వెళ్ళాయి. జిల్లా పరిషత్ హైస్కూలు అనే పేరు అప్పటినుంచి మన నోళ్ళలో పడింది. ప్రజల చేతికి వచ్చిందని పేరు గాని, ఆ ప్రజలు ఎక్కడో జిల్లా కేంద్రంలో వున్న ఆఫీసు. బడి ప్రక్క వీధిలోని తండ్రి ఆ లెక్కలోకి రాలేదు. మా తరంలో ఒక తండ్రి హైస్కూలు గుమ్మం ఎక్కేది మూడుసార్లు. చేర్పించినప్పుడు, కొడుకు ఏదో వెధవపని చేస్తే హెడ్మాస్టరుగారు కబురు పెట్టినప్పుడు, టి.సి. తీసుకోవటానికి వెళ్ళినప్పుడు. తల్లి అయితే వార్షికోత్సవం నాటకం చూడటానికి, అదీ వెనక వరసలో. పిలిపించారు అంటే తప్పు జరిగిందని అర్థం. అందుకే బడి నుంచి కబురు వచ్చిందంటే ఈనాటికీ కొన్ని ఇళ్ళలో గుండె దడదడలాడుతుంది.

పెద్దలు చెప్పలేదా అంటే చెప్పారు. ఎ. లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన 1952లో వేసిన సెకండరీ విద్యా కమిషను, పరీక్ష ఒక్కటే చూడకుండా ప్రతి విద్యార్థికీ బడిలో ఎప్పటికప్పుడు పూర్తి రికార్డు వుంచాలని సిఫారసు చేసింది. 1964-66 కొఠారీ కమిషను ఇరుగుపొరుగు పిల్లలందరూ ఒకే బడిలో చదవాలి అని ఎంతో గట్టిగా చెప్పింది. ఆ ఒక్క మాట ఆచరణలోకి వచ్చి వుంటే, పోర్టు ఆఫీసరుగారి కొడుకూ మన ఫిట్టరు కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు, ఆఫీసరుగారు అడిగే ప్రశ్నకు వచ్చే జవాబు ఫిట్టరుకూ వినబడేది. అది జరగలేదు. ఉన్నవాళ్ళు కాన్వెంట్లకు వెళ్ళారు, గట్టిగా అడిగే గొంతు కూడా వాళ్ళతోనే వెళ్ళిపోయింది. ఇది మా అభిప్రాయం, ఎవరైనా కాదంటే వాదనకు సిద్ధమే.

చట్టం అంటూ తల్లిదండ్రులకు ఒక చోటు ఇచ్చింది 1998లో. పాఠశాల విద్యలో సామాజిక భాగస్వామ్య చట్టం అని ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసింది. బడికొక విద్యా కమిటీ, అందులో తల్లిదండ్రులు ఎన్నుకున్న తల్లిదండ్రులు. మొదటిసారి బడి ఆవరణలో చేతులెత్తి ఓటు వేసిన రోజు మన పెద్దవాళ్ళకు జ్ఞాపకం వుండే వుంటుంది. ఆరంభంలో మంచి వూపే వుంది. తరువాత చాలాచోట్ల ఏమైందంటే, కమిటీ ఛైర్మన్ పదవి వార్డు రాజకీయం అయిపోయింది. బిడ్డ చదువు గురించి మాట్లాడవలసిన చోట గది కాంట్రాక్టు ఎవరికి అన్న మాట వచ్చింది. అందరినీ అనటం లేదు, బాగా నడిచిన కమిటీలూ వున్నాయి.

2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇందులో రెండు సెక్షన్లు మన సభ్యులు నోటికి పెట్టుకోవాలి. ఇరవై ఒకటో సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే వుండాలి, సభ్యుల్లో సగం స్త్రీలు వుండాలి, వెనకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటు వుండాలి. ఇరవై నాలుగో సెక్షను మాస్టారు విధులు చెబుతుంది. తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలిసి, పిల్లవాడి హాజరు, నేర్చుకునే శక్తి, పురోగతి గురించి చెప్పటం ఆయన విధుల్లో ఒకటి. అంటే మనం వెళ్ళి అడగటం బ్రతిమాలుకోవటం కాదు. చెప్పటం ఆయన పని, వినటం మన హక్కు.

అయితే ఇక్కడ రెండు మెలికలు వున్నాయి, మన ఇళ్ళకు బాగా తగిలేవి. గవర్నమెంటు సహాయం లేని ప్రైవేటు బడులకు ఆ ఇరవై ఒకటో సెక్షను కమిటీ నియమం వర్తించదు. మనలో సగం మంది పిల్లలు చదివేది అలాంటి బడుల్లోనే. రెండోది, ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతులకు 2009లోనే మొదలైన మాధ్యమిక శిక్షా అభియాన్ క్రింద వేరే కమిటీలు వచ్చాయి గాని, అది పథకం, హక్కు కాదు. బిడ్డ చేజారేది ఎక్కడ? తొమ్మిదిలో, పదిలో. చట్టం చెయ్యి వదిలేదీ అక్కడే.

ఇక్కడ మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెప్పక తప్పదు. ఇల్లు ఏదో, బడి ఏదో చెప్పము. 2006 నవంబరులో సచ్చార్ కమిటీ రిపోర్టు వచ్చింది, దేశంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ళ మన పిల్లల్లో నాలుగో వంతు అసలు బడికి వెళ్ళలేదు లేక మధ్యలో మానేశారు అని చెప్పింది. ఆ తరువాత 2008 నుంచి అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు కేంద్రం ప్రీ మెట్రిక్ స్కాలర్షిప్పు ఇవ్వటం మొదలుపెట్టింది. తండ్రి ఆదాయం ఏడాదికి లక్ష లోపు, మార్కులు యాభై శాతం. ఆ ఇంట్లో తండ్రి లారీ డ్రైవరు, పిల్ల తొమ్మిదో తరగతి, మార్కులకు లోటు లేదు. తల్లి రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బడి గేటు దాకా వెళ్ళేది. గేటు లోపలికి తల్లిదండ్రులను రానిచ్చేవారు కాదు, వాచ్‌మన్ క్యారేజీ అందుకునేవాడు. స్కాలర్షిప్పు దరఖాస్తు చివరి తేదీ నోటీసు గేటు లోపల, పది అడుగుల దూరంలో బోర్డు మీద అతికించారు. ప్రార్థన వేళ చదివారు కూడా, ఆ రోజు పిల్లకు జ్వరం. ఆదాయం సర్టిఫికెట్టు లేదు, తేదీ దాటిపోయింది. ఆ డబ్బు ఎంతో పెద్ద మొత్తం కాదు. గాని ఫీజు బాకీ మీద బాకీ పడి, ఆ ఏడు చివర పిల్ల బడి మానేసింది.

మా గదికి వచ్చి ఆ తల్లి అన్న మాట ఇది. "రోజూ అక్కడే నిలబడ్డాను భాయ్. అన్నం తీసుకున్నవాడు ఆ కాగితం సంగతి ఒక్క ముక్క చెప్పి వుంటే నేనే వెళ్ళి ఆఫీసులో కూర్చునేదాన్ని." పిల్ల ఒక ఏడాది ఇంట్లో మిషను కుట్టింది. మరుసటి ఏడు వేరే బడిలో చేర్పించాము, పది ప్యాసయింది. గాని ఆ ఏడాది దాని లెక్కలో ఎప్పుడూ లోటుగానే వుంటుంది. ఇంగ్లండు బడుల గేటు దగ్గరి గీత గురించి ముందు చెప్పాము చూడండి.

సచ్చార్ రిపోర్టులో మన గురించి ఒక అపోహ కూడా తీరింది. మనవాళ్ళు పిల్లల్ని మదరసాకే పంపుతారని నలుగురూ అనుకునేవారు. బడి వయసు పిల్లల్లో మదరసాలో చదివేవారు నూటికి నాలుగు మందికి మించి లేరని, తల్లిదండ్రులకు మామూలు చదువు మీద అయిష్టం లేదని ఆ కమిటీ తేల్చింది. ఇష్టం లేక కాదు, కబురు లేక అని మా అనుభవం కూడా. 2007లో మన రాష్ట్రంలో బి.సి.-ఇ క్రింద నాలుగు శాతం రిజర్వేషను చట్టం వచ్చినప్పుడు ఆ సర్టిఫికెట్టు ఎక్కడ తీసుకోవాలో, ఎవరికి వర్తిస్తుందో పిల్లవాడు ఇంటర్‌లో చేరే రోజున గాని చాలామందికి తెలియలేదు. అప్పుడు తహశీల్దారు ఆఫీసు చుట్టూ పరుగులు.

మరి భాష సంగతి. మన ఇళ్ళలో తల్లి ఉర్దూ మాట్లాడుతుంది, బడి నోటీసు తెలుగులోనో ఇంగ్లీషులోనో వస్తుంది. మధ్యలో దుబాసీ పిల్లవాడే. తన మీద ఫిర్యాదును తానే తర్జుమా చేసే దుబాసీ ఎంత నిజం చెబుతాడో మీకు తెలియనిది కాదు. దీనికితోడు కార్డులో మార్కులు వుండవలసిన చోట 2012 నుంచి పదో తరగతికి గ్రేడులు వచ్చాయి, క్రింది తరగతుల్లో ఎఫ్.ఎ., ఎస్.ఎ. అని కొత్త పేర్లు వచ్చాయి. పదిలో మళ్ళీ మార్కులే వచ్చాయి. చదువుకున్న తండ్రులకే తల తిరిగింది.

ఇటీవలి కాలంలో కొంత గాలి మారింది, అది ఒప్పుకోవాలి. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పనుల్లో బడి మరమ్మతుల బాధ్యత తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు. 2020 జనవరిలో అమ్మఒడి వచ్చింది. డబ్బు తల్లి ఖాతాలో పడేది, హాజరు డెబ్బై అయిదు శాతం వుండాలనేవారు. ఆ డబ్బు మంచిదా చెడ్డదా అన్న చర్చ మనకు వద్దు. మాకు ముఖ్యంగా కనిపించింది ఏమంటే, బడి రికార్డులో తల్లి పేరు, తల్లి ఫోను నెంబరు, తల్లి బ్యాంకి పుస్తకం చేరాయి. హాజరు ఎంత అని తల్లి అడగటం మొదలైంది. అదే ఏడు ఇంగ్లీషు మీడియం జీవో మీద హైకోర్టు తీర్పు వచ్చిన తరువాత, ఏ మాధ్యమం కావాలి అని ప్రభుత్వం తల్లిదండ్రుల దగ్గర కాగితాలు తీసుకుంది. 96 శాతానికి పైగా ఇంగ్లీషు కావాలన్నారు, తెలుగు కావాలన్నవారు మూడు శాతం, మిగతా భాషలన్నీ కలిసి ఒక శాతం లోపు. మన ఉర్దూ ఆ ఒక శాతం లోపులో వుంది. దాని మీద వేరే వ్యాసం కావాలి. గాని ఒక విద్యా విషయంలో ఇంటింటికీ వచ్చి అడగటం మాత్రం మేము మొదటిసారి చూశాము.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూశారు. అదే ఏడు మే 7 తెల్లవారుజామున మన ప్రక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ వాయువు లీకై పన్నెండుమంది ప్రాణాలు పోయాయి, చుట్టుప్రక్కల వూళ్ళన్నీ ఖాళీ చేయించారు. ఎవరి పిల్లలు ఎక్కడ వున్నారో తెలియక ఆ ఉదయం పడిన బాధ చూసినవారికే తెలుసు. మాస్టర్లు కొందరు తమ దగ్గర వున్న ఫోను నెంబర్లు పట్టుకుని ఒక్కొక్క ఇంటికీ ఫోను చేశారు. చాలా నెంబర్లు తప్పు, ఎప్పుడో చేర్పించిన రోజున ఇచ్చినవి. తరువాత ఆన్‌లైను పాఠాలు వచ్చాయి. ఇంటికి ఒకటే ఫోను, అది తండ్రి డ్యూటీకి పట్టుకుపోతాడు. పాఠం, కబురు రెండూ రాత్రి పదింటికి ఇల్లు చేరేవి. అప్పటినుంచి మన సంఘం గదిలో ఒక రిజిస్టరు పెట్టాము. హైస్కూలు పిల్లలున్న ఇంటింటి నెంబరూ ప్రతి జూన్‌లో కొత్తగా వ్రాస్తాము, బడి ఆఫీసుకు ఒక నకలు ఇస్తాము.

2024 డిసెంబరు 7న రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల మెగా సమావేశం పెట్టారు. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు బాపట్లలో బడికి వెళ్ళారు. 2025 జూలై 10న రెండోసారి, ఈసారి ఆయన శ్రీసత్యసాయి జిల్లా కొత్తచెరువులో. దానికి ముందు జూన్ 12న తల్లికి వందనం డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. ముగ్గులు, ముగ్గుల పోటీలు, తాడు లాగుడు, భోజనాలు, అదంతా పేపర్లలో చూశారు. కొంత హంగామా వున్నమాట నిజమే. సమావేశం ఏడాదికి ఒకటి రెండైతే, ఇరవై నాలుగో సెక్షను చెప్పిన "క్రమం తప్పకుండా" అన్న మాట తీరదు అని మేమూ అన్నాము. అయినా తల్లులు వెనక వరసలో కాక ముందు బెంచీల మీద కూర్చున్న దృశ్యం మా తరానికి కొత్త.

ఆ జూలై సమావేశానికి మేము నలుగురం మన వీధి తల్లులతో కలిసి వెళ్ళాము. మనకు తెలిసిన ఒక ఆపా తొమ్మిదో తరగతి కొడుకును వెంటబెట్టుకుని సోషల్ టీచరుగారి ముందు కూర్చుంది. టీచరుగారు కార్డు తిప్పి, "కుర్రాడు తెలివైనవాడేనమ్మా, కాని శుక్రవారం మధ్యాహ్నం తరువాత క్లాసుకు రావటం లేదు. గ్రౌండులో క్రికెట్టు ఆడుతున్నాడు" అని తెలుగులో చెప్పారు. కుర్రాడు తల్లి వైపు తిరిగి ఉర్దూలో, "మేడం బాగా చదువుతున్నానని చెబుతున్నారు అమ్మీ, ఆటల్లో కూడా ముందున్నానట" అని తర్జుమా చేశాడు. మేము ఏదో అనబోయేంతలో ఆపా చెయ్యి చూపించి ఆపింది. ఆమె ఇరవై ఏళ్ళుగా గోపాలపట్నం సంతలో గాజులు అమ్ముతోంది. టీచరుగారి వైపు తిరిగి చక్కని తెలుగులో, "శుక్రవారం రెండున్నరకి నమాజు అయిపోతుందమ్మా, మూడింటికల్లా నేనే తీసుకొచ్చి దిగబెడతాను. మీ నెంబరు ఇవ్వండి, రాకపోతే ఫోను చెయ్యండి" అంది. కుర్రాడి మొహం చూడాలి. టీచరుగారు నవ్వు ఆపుకుంటూ కార్డు ఆమె ముందుకు జరిపారు. "తండ్రి లేక సంరక్షకుని" అని అచ్చువేసి వున్న చోట ఆపా పెన్ను అడిగి తీసుకుని, నిదానంగా ఉర్దూలో తన పేరు వ్రాసింది.